పదకొండు పిల్లల్లో ఐదే మిగిలాయి: గద్దల నుంచి కోడిపిల్లలను కాపాడుకునేది ఎలా?

దొడ్డిగుమ్మం (నూజివీడు), మార్చి 3, ఉదయం 8.10

అందరికీ నమస్కారం. ఏడాదిగా మీరు రాసేవి చదువుతున్నాను కానీ నేను రాయడం ఇదే మొదటిసారి.

మా నాటు పెట్ట పదమూడు గుడ్లు పొదిగి శివరాత్రికి పదకొండు పిల్లలను దింపింది. ఇవాళ లెక్క పెడితే ఐదే ఉన్నాయి. మొదటి రెండూ పోయినప్పుడు పిల్లి పని అనుకుని వీధిలో ఉన్న పిల్లులన్నిటినీ తిట్టాను. మొన్న మా అత్తయ్య పంపు దగ్గర గిన్నెలు తోముతుంటే పెట్ట వింతగా, సన్నగా సాగదీసి అరిచిందట. ఆమె తల తిప్పేలోపే ఒక పిల్ల మాయం. మా ఇంటికి కాస్త దూరంలో సెల్ టవర్ మీద ఎప్పుడూ నాలుగైదు గద్దలు ఉంటాయి. తన్నుకుపోయింది అవే అని మా అందరి అనుమానం.

పాత సీడీలు దారాలకు కట్టి వేలాడదీశాను. దిష్టిబొమ్మ నిలబెట్టాను. రెండు రోజులు అంతా ప్రశాంతం. మూడో రోజు పొద్దున చూస్తే దిష్టిబొమ్మ నెత్తిన కాకి కూర్చుని ఉంది.

మా పెరడు నాలుగు సెంట్లు. ఒక మూల వేపచెట్టు, గోడ పక్కన మునగ, మిగతాదంతా ఖాళీ. గోడ అవతల మామిడి తోట. మా వారు ఎయిర్‌గన్ కొంటానంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. దారి చెప్పండి.

కోనసీమ కొబ్బరి (అమలాపురం), మార్చి 3, ఉదయం 9.02

అయ్యో, ఆరు పిల్లలా! మీ ఇంట్లో కోళ్ల గంప లేదా అండి? వెదురుతో అల్లిన పెద్ద గంప. మా అమ్మమ్మ పిల్లల కోడిని నెల రోజుల పాటు దాని కిందనే ఉంచేది. గంప మీద ఒక రాయి, లోపల నూకలు, మూకుడులో నీళ్లు. ఎండ పెరిగేకొద్దీ గంపను నీడకు జరిపేది. సాయంత్రం తాను దగ్గర కూర్చున్న గంటసేపు మాత్రమే వదిలేది.

మా ఊళ్లో తెల్ల తల, ఇటుక రంగు రెక్కల గరుడ పక్షి కూడా పిల్లల కోసం వస్తుంది. అది ఆకాశంలో కనబడగానే అమ్మమ్మ ముందు చెంపలు వేసుకుని దండం పెట్టేది, అది కిందికి దిగిందంటే అదే చేత్తో చీపురు విసిరేది.

ఎర్రపుంజు (భీమవరం), మార్చి 3, ఉదయం 11.30

గంపలూ వలలూ తర్వాత. దొడ్లో పుంజు ఉందా లేదా, అది చెప్పండి. పుంజు లేని దొడ్డి కాపలాలేని చేను. మేము అసీల్ (పందెం కోళ్ల జాతి) పెట్టలను పొదిగిస్తాం. అసీల్ తల్లి గద్ద మీదికి ఎగిరి తన్నడం నేను నా కళ్లతో చూశాను. మా దగ్గర నాలుగు కేజీల డేగ ఉంది, అది తిరుగుతుంటే కాకి కూడా వాలదు.

గట్టుమీద గోపి (ఏలూరు), మార్చి 3, మధ్యాహ్నం 12.15

గద్దలను ఆపడానికి డేగను పెట్టారా, బాగుంది! (కొత్తవారి కోసం: గోదావరి జిల్లాల్లో ఎర్రని పుంజును డేగ అంటారు. ఆయన పెంచేది పక్షిరాజును కాదు.)

నల్లమల నడక (మార్కాపురం), మార్చి 3, సాయంత్రం 6.40

దొడ్డిగుమ్మం గారూ, మందు చెప్పే ముందు రోగం ఏమిటో తెలియాలి. టవర్ మీద గద్దలు కనిపిస్తున్నాయి కాబట్టి దొంగలు అవే అనుకోవద్దు. మూడు విషయాలు చెప్పండి. పిల్ల పోయిన చోట ఈకలు మిగిలాయా? ఏ వేళకు పోతున్నాయి? వచ్చిన పక్షి పైనుంచి దిగిందా, పక్కనుంచి దూసుకొచ్చిందా?

ఎందుకంటే ఒక్కో దొంగ ఒక్కోలా చేస్తుంది. టవర్ల మీద, చేపల మార్కెట్ల దగ్గర కనిపించేది నల్ల గద్ద. ఎగిరేటప్పుడు తోక చీలినట్టు ఉంటుంది. తీరిగ్గా చక్కర్లు కొట్టి, ఒక్కసారి దిగి, నేల మీద ఆగకుండానే తన్నుకుపోతుంది కాబట్టి ఆనవాలు దాదాపుగా మిగలదు. రాత్రి పూట తల లేని కోడి కనబడితే గుడ్లగూబను అనుమానించాలి. గూట్లో గుడ్లూ పిల్లలూ చప్పుడు లేకుండా తగ్గుతుంటే అది పాము. కాకులు, జెముడు కాకులు కూడా వారం లోపు పిల్లలను వదలవు.

ఎయిర్‌గన్ మాట మాత్రం మరిచిపోమని మీ వారికి చెప్పండి. గద్దలు, డేగలు అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షులు. కాల్చడమే కాదు, విషం పెట్టినా గూడు పీకినా నేరమే.

ఎర్రపుంజు (భీమవరం), మార్చి 3, రాత్రి 8.05

చట్టం గద్దకే కానీ కోడిపిల్లకు లేదా? పట్నంలో కూర్చుని పక్షులను ఫొటోలు తీసేవారికి కోడి పోయిన బాధ తెలియదు. నాటుకోడి కేజీ ఎంత పలుకుతోందో ఒకసారి బజారుకు వెళ్లి అడగండి.

నల్లమల నడక (మార్కాపురం), మార్చి 3, రాత్రి 8.50

నేను పట్నంలో లేనండి. మా ఇంట్లోనూ పద్దెనిమిది కోళ్లు ఉన్నాయి, పోయిన సంక్రాంతికి ముందు నాలుగు పిల్లలు నావీ పోయాయి. ఒక గద్దను కొట్టారే అనుకోండి. ఆ చోటు ఖాళీ అయిందని పక్క ఊరి గద్ద వారంలో వచ్చి కూర్చుంటుంది. తెరిచి ఉన్న దొడ్డి తెరిచినట్టే ఉంటుంది.

దొడ్డిగుమ్మం (నూజివీడు), మార్చి 4, ఉదయం 7.25

మీరు అడిగాక వేపచెట్టు కిందికి వెళ్లి చూశాను. గోడ మూల ఒక కుప్పగా ఈకలు ఉన్నాయి, పీకి పోసినట్టు. పసుపు నూగు, గోధుమ చారలు. మా పిల్లలవే. ఇన్ని రోజులు అటు ఊడుస్తూ ఎందుకు గమనించలేదో నాకే అర్థం కాలేదు.

పోయేది పొద్దున ఆరున్నర ఏడు మధ్య, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక. మా అత్తయ్యను గుచ్చి గుచ్చి అడిగితే ‘పైనుంచి కాదు, మామిడి తోటలోంచి గోడ మీదుగా బాణంలా వచ్చింది, పావురమంత ఉంది, బూడిద రంగు’ అన్నారు. అంత చిన్న పక్షి అని చెబితే నవ్వుతామని నిన్నటి దాకా ఆ మాట దాచారట.

నల్లమల నడక (మార్కాపురం), మార్చి 4, ఉదయం 10.10

మీ అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆమె చూసింది జాలె డేగ. చాలామంది షిక్రా అంటారు. వీపు బూడిద రంగు, రొమ్ము మీద సన్నని ఇటుక రంగు అడ్డగీతలు, పొట్టి గుండ్రని రెక్కలు, పొడుగు తోక. ఆకాశంలో చక్కర్లు కొట్టడం దీని పద్ధతి కాదు. ఆకుల మాటున కదలకుండా కూర్చుని, నేలకు తగులుతుందేమో అన్నంత కిందుగా దూసుకొస్తుంది. దొరికినదాన్ని దగ్గర్లో ఒక మూలకు తీసుకెళ్లి ఈకలు పీకి తింటుంది. మీరు చూసిన కుప్ప అదే.

మీ సీడీలు ఎందుకు పని చేయలేదో ఇప్పుడు తెలిసిందా? అవి పైన మెరుస్తున్నాయి, అది కిందుగా వస్తోంది. అయినా మెరుపు వస్తువులకు ఏ పక్షి అయినా కొద్ది రోజుల్లో అలవాటు పడుతుంది. వాటిని రోజూ చోటు మారిస్తే కొన్నాళ్లు సాగుతుంది, అంతకంటే ఆశించవద్దు.

దీని అసలు తిండి తొండలు, బల్లులు, ఎలుకలు, ఉడుతలు, చిన్న పిట్టలు. ఎండాకాలం గూళ్లు పెట్టే కాలం, ఇంట్లో తినే నోళ్లు పెరుగుతాయి. సరిగ్గా అప్పుడే మనం పొదగేసిన పిల్లలు దొడ్లో బిలబిలమంటూ తిరుగుతుంటాయి.

ఇంకొకటి. పెట్ట ‘సన్నగా సాగదీసి’ అరిచిందన్నారు. కోడికి ఆకాశం నుంచి వచ్చే ఆపదకు ఒక కేక, నేల మీద కుక్కకో పిల్లికో వేరే కేక. ‘కెక్కెక్కె’ అని గోల చేస్తే నేల మీద చూడండి. ఈలలా సాగదీస్తే తల పైకెత్తండి. ఆ కేకకు పిల్లలు పరుగు తీస్తాయి. మీ దొడ్లో అవి దూరడానికి చోటు ఏదీ?

పాలమూరు పశువైద్యం (మహబూబ్‌నగర్), మార్చి 4, మధ్యాహ్నం 2.30

విశ్రాంత పశువైద్యుడిని. పై మిత్రుడి ఆఖరి ప్రశ్న అసలైనది. ఖాళీ నేల మీద గింజలు చల్లడం మానేయండి, అది డేగకు విస్తరి వేసినట్టే. గింజలు, నీళ్లు ఎప్పుడూ కప్పు కిందనే పెట్టండి.

పిల్లలకు ఆరు వారాలు గడ్డుకాలం. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వారి వనరాజ, గ్రామప్రియ పిల్లలను తెచ్చుకున్నవారికి మేము చెప్పేదీ ఇదే: ఆరు వారాలు లోపల పెంచి, ఆ తర్వాతే దొడ్లోకి వదలండి. వాటికి తల్లి ఉండదు కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. నాటు పిల్లలకు తల్లి ఉందన్న ధైర్యంతో మనం రెండో రోజే వదిలేస్తాం.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మీరు కోప్పడినా సరే. గద్ద ఒక పిల్లను ఎత్తుకెళ్తే ఊరంతా చెప్పుకుంటాం. కొక్కెర తెగులు వస్తే దొడ్డి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, దాని టీకా గురించి అడిగేవారు తక్కువ. మిగిలిన ఐదింటికీ లసోటా టీకా చుక్క వేయించారా?

దొడ్డిగుమ్మం (నూజివీడు), మార్చి 4, సాయంత్రం 5.15

వేయించలేదు డాక్టర్ గారూ. రేపే వేయిస్తాను.

రాగిసంగటి (మదనపల్లె), మార్చి 5, ఉదయం 6.50

మా వైపు చచ్చిన కాకిని కర్రకు కట్టి దొడ్లో నిలబెడతారు. కాకులన్నీ చేరి పది నిమిషాలు గోల చేస్తాయి, తర్వాత ఆ చుట్టుపక్కలకు రావు. డేగ కూడా భయపడుతుందేమో.

పాలమూరు పశువైద్యం (మహబూబ్‌నగర్), మార్చి 5, ఉదయం 9.20

దయచేసి ఆ పని చేయవద్దు. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో కాకులు రాలిపోయింది బర్డ్ ఫ్లూతోనే. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో ఏం జరిగిందో ఈ వేదికలో సగం మందికి స్వయంగా తెలుసు. ఎందుకు చచ్చిందో తెలియని పక్షిని తెచ్చి కోళ్ల మధ్యలో వేలాడదీస్తే డేగ కంటే పెద్ద ఆపదను ఇంటికి పిలిచినట్టే. చచ్చిన పక్షిని ఉత్త చేతులతో తాకకూడదు కూడా.

ఎర్రపుంజు (భీమవరం), మార్చి 5, ఉదయం 10.00

ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. ఆ ఫిబ్రవరిలో మా బంధువుల షెడ్లు ఖాళీ అయ్యాయి. చచ్చిన కాకి వద్దు.

డాలస్ పెరడు, మార్చి 5, ఉదయం 11.45

మాది టెక్సాస్. పెరట్లో ఆరు పెట్టలు ఉన్నాయి. ఎర్రపుంజు గారూ, పుంజును పెట్టుకోమన్న మీ సలహా మాకు కుదరదు, పుంజు కూస్తే పక్కింటివారు ఫిర్యాదు చేస్తారు. మా ఊళ్లో పెట్టలకే అనుమతి. ఇక్కడి దొంగలు ఎర్ర తోక డేగ, కూపర్ డేగ. ఈ రెండో దాని పద్ధతి అచ్చం మీ జాలె డేగ లాంటిదే, కంచెల మీదుగా కిందుగా వస్తుంది. 1918 నాటి వలస పక్షుల చట్టం ఉంది కాబట్టి దాని మీద చేయి వేసే ప్రశ్నే లేదు.

రెండు పెట్టలు పోయాక పైన, పక్కల, అన్ని వైపులా ఇనుప జాలీ కొట్టించాను. మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి చూసి, ‘కోళ్లకు ఇల్లు కట్టావు, మాకు ఒక గది వేయలేకపోయావు’ అన్నారు.

వలకాడు (చీరాల), మార్చి 5, రాత్రి 9.10

సముద్రం పక్కన ఉన్నవారికి పాత చేపల వలలు చవకగా దొరుకుతాయి. నాలుగు మూలలా గుంజలు పాతి, మనిషి నడిచేంత ఎత్తులో కట్టండి. తక్కువ ఎత్తులో కడితే ఆకులు రాలి బరువుకు జారుతుంది, మనకే నడుము విరుగుతుంది. మధ్యలో ఒక గుంజ నిలబెట్టి దాని నెత్తిన పాత ప్లాస్టిక్ డబ్బా బోర్లిస్తే వల చిరగదు, గుడారంలా వాన నీళ్లూ జారిపోతాయి.

వలకు డబ్బు లేదంటే తంగూసు దారం అడుగుకొకటి చొప్పున అడ్డదిడ్డంగా లాగి కట్టండి. పెద్ద రెక్కల నల్ల గద్దకు అది చాలు, రెక్క తగులుతుందని దిగదు. జాలె డేగకు మాత్రం సరిపోదు, అది సందులోంచి దూరుతుంది.

నల్లమల నడక (మార్కాపురం), మార్చి 6, ఉదయం 7.00

వలకాడు గారి మాటకు ఒక చేర్పు. సన్నని నైలాన్ వలను నేల దాకా వదులుగా వదిలేయకండి. పాములు, తొండలు చిక్కుకుని చస్తాయి. పాము చిక్కిన వలను విప్పడం ఎవరి వల్లా కాదు. కింది రెండు అడుగులూ ఇనుప జాలీ, పైన బిగుతుగా లాగిన వల.

దొడ్డిగుమ్మం (నూజివీడు), మార్చి 15, రాత్రి 9.40

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. నిన్న జరిగింది చెప్పాలి.

పోయిన ఆదివారం గోడకూ మునగచెట్టుకూ మధ్య వల కట్టించాం. వలకాడు గారు చెప్పినట్టు మధ్యలో గుంజ, నెత్తిన పెయింటు డబ్బా. ఐదు పిల్లలూ తల్లీ లోపల. నేను వెళ్లి రావడానికి గోడ పక్కన జానెడున్నర సందు వదిలి, ఒక గోనెపట్టా వేలాడదీశాను. అది గాలికి పక్కకు తొలగేది.

నిన్న నాలుగున్నరకు పెట్ట ఈలలా అరిచింది. నల్లమల నడక గారు చెప్పారు కదా, తల పైకెత్తాను. ఏమీ లేదు. మళ్లీ చూస్తే డేగ వల లోపల ఉంది! గోనెపట్టా సందులోంచి దూరింది, బయటికి దారి దొరకలేదు.

ఆరు పిల్లలను మింగిందంటే ఎంత భయంకరంగా ఉంటుందో అనుకున్నాను. పావురం కంటే పెద్దది కాదు. వల మూలకు ఒదిగి, రెక్కలు సగం విప్పి, నోరు తెరిచి రొప్పుతోంది. కళ్లు దోర నారింజ పండు రంగు. కాళ్లు పసుపు పూసినట్టున్నాయి, వాటి చివర గోళ్లు మాత్రం నల్లగా, గోనెసంచులు కుట్టే దబ్బనంలా వంకరగా ఉన్నాయి. ఇటువైపు పెట్ట మెడ ఈకలు నిక్కబొడుచుకుని, రెక్కలు నేలకు ఆన్చి, ఉన్నంత శరీరాన్నీ రెండింతలు చేసుకుని నిలబడింది. దాని వీపు మీద ఒక చోట ఈకలు ఊడి రక్తం కనబడుతోంది. రెక్క కింద నుంచి ఒక పిల్ల తల బయట పెట్టి చూసి మళ్లీ లోపలికి పోయింది.

మా వారు కర్ర అందుకున్నారు. నేనే వద్దన్నాను. ముందు పెట్టనూ పిల్లలనూ గంప కిందికి తోసి, అవతలి వైపు వలను కర్రతో పైకెత్తి దూరంగా నిలబడ్డాం. అది వెంటనే పోలేదు. మమ్మల్నీ గంపనూ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత ఒక్క ఊపున గోడ దాటి మామిడి తోటలోకి పోయింది.

ఐదూ క్షేమం. పెట్ట గాయానికి పసుపు పెట్టాను. తప్పు నాదే, పైకప్పు మీద పెట్టిన శ్రద్ధ తలుపు మీద పెట్టలేదు.

పాలమూరు పశువైద్యం (మహబూబ్‌నగర్), మార్చి 16, ఉదయం 8.00

గోటి గాయాలు పైకి చిన్నగా కనిపించినా లోతుగా దిగి ఉంటాయి. ఉప్పు నీళ్లతో కడిగి ఆ తర్వాత మందు రాయండి. ఈగలు వాలకుండా చూడండి. వాపు వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెట్టను రెండు మూడు రోజులు పిల్లలతోనే గంప కింద ఉంచండి, విడదీయవద్దు.

ఎర్రపుంజు (భీమవరం), మార్చి 16, ఉదయం 8.45

అది నాటు పెట్ట అన్నారు కదా. దాని తర్వాతి గుడ్లు నాకు ఒక డజను కావాలి. అలాంటి తల్లి జాతి పోనివ్వకూడదు. దొడ్డిగుమ్మం గారూ, ధర మీరే చెప్పండి.

కోనసీమ కొబ్బరి (అమలాపురం), మార్చి 16, ఉదయం 9.30

వల మీద కొబ్బరి మట్టలు కప్పండి. లోపల ఏముందో బయటికి కనబడదు, నీడ కూడా వస్తుంది. పక్కనే దొండ తీగలు నాటారంటే వాన రాకముందే పందిరి ఎక్కుతాయి. మా ఇంట్లో పిల్లల కోళ్లు ఎండాకాలమంతా దొండ పందిరి కిందనే ఉంటాయి. పందిరి పక్కన ఏట్రింత, అదే పసుల పోలిగాడు, గూడు పెడితే ఇక మీ పంట పండినట్టే. తన గూడు దగ్గరికి వచ్చిన కాకినీ గద్దనూ వెంటపడి తరుముతుంది.

నల్లమల నడక (మార్కాపురం), మార్చి 16, ఉదయం 10.20

తరమడమే కాదు, అది జాలె డేగ కూతను అనుకరించి గోరువంకలను బెదరగొట్టి వాటి తిండి కొట్టేస్తుంది కూడా. కాబట్టి కూత వినగానే కర్ర తీసుకుని పరుగెత్తకండి, కూసింది ఎవరో చూడండి.

దొడ్డిగుమ్మం (నూజివీడు), జూన్ 28, సాయంత్రం 6.05

పాత చర్చను పైకి తెచ్చినందుకు ఏమీ అనుకోకండి. సందుకు చెక్క తలుపు పెట్టించాం, వల మీద కొబ్బరి మట్టలు వేశాం, మార్చిలోనే దొండ తీగలు నాటాం. ఆ ఐదు పిల్లలూ పెద్దవయ్యాయి, అందులో రెండు పుంజులు. పెట్ట మళ్లీ పొదిగి ఈ నెల మొదట్లో తొమ్మిదింటిని దింపింది, తొమ్మిదీ ఉన్నాయి. టీకా వేయించాను డాక్టర్ గారూ. ఎర్రపుంజు గారు అడిగిన డజను గుడ్లు బస్సులో పంపాను, అందాయని ఫోను చేశారు.

డేగ ఇప్పటికీ పొద్దున వేపచెట్టు మీదికి వస్తుంది. కాసేపు కూర్చుని తొండను పట్టుకుని పోతుంది. మా వారు ‘మీ స్నేహితురాలు వచ్చింది’ అంటారు.

ఇప్పుడు కొత్త తగువు. దొండ పందిరి నిండా కాసింది. పెద్ద కోళ్లు ఎగిరి చేతికందే కాయలన్నీ పొడిచేస్తున్నాయి, పిల్లలేమో పాదు మొదట్లో మట్టి కెలికి వేళ్లు బయట పెడుతున్నాయి. మా అత్తయ్య ఎయిర్‌గన్ మాట మళ్లీ ఎత్తారు, ఈసారి కోళ్ల మీదికి.

కోనసీమ కొబ్బరి (అమలాపురం), జూన్ 28, సాయంత్రం 6.30

పాదు చుట్టూ ఇటుకలు పేర్చి పైన ముళ్ల కంప వేయండి. కాయలు మాత్రం కోళ్ల కంటే ముందు లేచి కోసుకోవాల్సిందే.